కళ్లలో నిప్పులు ఎవరు పోస్తారు?

ప్రశ్న: మా అమ్మాయికి మంచి ఉద్యోగం వచ్చింది. పక్కింటివాళ్లకు చెప్పబోతుంటే మా అత్తగారు ఆపి, "ఇప్పుడే ఎవరికీ చెప్పకమ్మా, కళ్లలో నిప్పులు పోసుకుంటారు" అన్నారు. నిప్పులు పడేది వాళ్ల కళ్లలో అయితే మనకేంటండీ నష్టం? అసలు ఈ మాట ఎలా వచ్చింది?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. ఆ జాతీయం బలమంతా "పోసుకుంటారు" అన్న దాంట్లోనే ఉంది. తలకు నూనె రాసుకోవడం, నెత్తిన నీళ్లు పోసుకోవడం ఎలాగో ఇదీ అంతే, ఎవరికి వాళ్లు చేసుకునే పని. ఎదురింటివాళ్లు మేడ కట్టారనో, వాళ్ల పిల్లకు మంచి సంబంధం కుదిరిందనో మండిపోయేవాడి కళ్లలో నిప్పులు పోసింది ఇంకెవరో కాదు, వాడే. అదే నిప్పును కాస్త అటూ ఇటూ చేసి "కళ్లలోంచి నిప్పులు కురిపించాడు", "నిప్పులు చెరిగాడు" అంటే మాత్రం అర్థం కోపం వైపు వెళ్లిపోతుంది. నిప్పు బయటికొస్తే కోపం, లోపలికి పోసుకుంటే అసూయ. పుస్తకాలు చదవని పల్లెటూరి ముసలమ్మలు కూడా ఈ రెండూ ఒక్కసారి కూడా తికమక పడకుండా వాడతారు, అది నాకు ఎప్పటికీ ముచ్చటే.

నిప్పే ఎందుకంటే, అసూయను మంటగా చెప్పుకోవడం మనకు చాలా పాత అలవాటు. భారతంలో సభాపర్వం గుర్తుందా? రాజసూయంలో రాజులు తెచ్చిన కానుకలన్నీ అందుకునే పని ధర్మరాజు దుర్యోధనుడికే అప్పగించాడు. అంటే ఆ రత్నాలూ బంగారమూ అతని చేతుల మీదుగానే, అతని కళ్లముందే లోపలికి వెళ్లాయి! తిరిగొచ్చాక శకుని దగ్గర కూర్చుని, రాత్రింబవళ్లు కాలిపోతున్నాననీ, ఎండాకాలంలో చిన్న మడుగు ఎండినట్టు ఎండిపోతున్నాననీ చెప్పుకుంటాడు, నిప్పులో దూకుతా, విషం తింటా అనేదాకా పోతాడు. తనకేం తక్కువైంది? ఏమీ లేదు. చూశాడు, ఓర్వలేకపోయాడు, అంతే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం కూడా ఈర్ష్యకు "అక్షాంతి" అని పర్యాయం ఇస్తుంది, అంటే ఓర్పు లేకపోవడం, అచ్చంగా మన "ఓర్వలేనితనం". అసూయకైతే, మంచి గుణంలోనూ తప్పు ఎంచడం అని అర్థం చెప్పింది. మీ అమ్మాయి ఉద్యోగం సంగతి విని ఎవరైనా "ఆఁ, ఏదో రికమండేషన్ అయ్యుంటుందిలే" అన్నారనుకోండి, అది అమరకోశం చెప్పిన అసూయే.

ఇక కళ్లు. ఓర్వలేనితనం మొదలయ్యేదే చూపుతో, అందుకే "కళ్లు కుట్టాయి" అనీ అంటాం. ఆ కుట్టడం సూదీ దారం కుట్టడం కాదు, తేలు కుట్టడం. "కడుపుమంట" కూడా ఈ కుటుంబంలోదే కానీ దాన్ని జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే అన్యాయం జరిగినవాడికీ కడుపు మండుతుంది, వాణ్ణి అసూయపరుడు అనకూడదు కదా.

మరి మీకేంటి నష్టం అంటారా? మీ అత్తగారి భయం ఈ జాతీయంలోంచి వచ్చింది కాదు, దిష్టిలోంచి వచ్చింది. సంస్కృతంలో దృష్టి, మన నోట్లో దిష్టి. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని సామెత, కొత్త ఇంటికి గుమ్మడికాయ, కట్టే మేడకు దిష్టిబొమ్మ, ఆటో వెనక "నన్ను చూసి ఏడవకురా". పెద్దవాళ్లు గుప్పెట్లో రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల మీద వేస్తారు చూడండి, ఉప్పు చిటపటలాడుతుంది, మిరపకాయ మాడినా ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలిందని లెక్క. ఒక నమ్మకంలో కాలేది చూసేవాడు, రెండోదాంట్లో దెబ్బ తినేది చూడబడినవాడు. మనం ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేసి వాడుతున్నాం, మీకు సందేహం వచ్చింది అక్కడే.

పక్కింటివాళ్ల చూపుకి ఉద్యోగాలు ఊడిపోతాయని నేను నమ్మను. ఆర్డర్ చేతికొచ్చాక స్వీట్లు పట్టుకెళ్లి సంతోషంగా చెప్పండి. సాయంత్రం అత్తగారు మనవరాలికి దిష్టి తీస్తానంటే కాదనకండి, అది ఆవిడ ప్రేమ.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో అసూయకు ఆకుపచ్చ కళ్లు అంటారు. మనకూ అలాంటిది ఉందా?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: లేదు. ఆ మాటకు పేరు తెచ్చింది షేక్స్‌పియర్. ఒథెల్లో నాటకం మూడో అంకంలో ఇయాగో అసూయను ఆకుపచ్చ కళ్ల రాక్షసి అంటాడు. మనకు పచ్చ అంటే పచ్చని సంసారం, పచ్చతోరణం, అన్నీ శుభాలే, అందుకే ఓర్వలేనివాణ్ణి "పక్కవాళ్లు పచ్చగా ఉంటే చూడలేడు" అంటాం. ఇంకోటి కూడా గమనించండి, ఒథెల్లోది భార్య మీద అనుమానం. దానికి మన కళ్లలో నిప్పులు పనికిరావు, అలాంటి మొగుణ్ణి తెలుగులో "అనుమానపు పక్షి" అంటారు.