ముందు మైకుతో మొదలుపెట్టండి సార్

మీ బడిలో ల్యాబ్ అంటే తాళమేసిన బీరువా ఒక్కటే అన్నారు. 9, 10 తరగతుల పిల్లలతో ఫోన్ సెన్సర్ల మీద నిజంగా ప్రయోగాలు చేయించొచ్చా, లేక గ్రాఫులు చూసి మురిసిపోవడమేనా అని మీ అనుమానం. నేను దేవరకొండ దిక్కు ఫిజికల్ సైన్స్ చెప్తాను. చేయించొచ్చు సార్. కాకపోతే అందరిలా యాక్సిలరోమీటర్‌తో (వేగంలో మార్పును, అంటే త్వరణాన్ని కొలిచే సెన్సర్) మొదలుపెట్టకండి, మైకుతో పెట్టండి.

యాప్ పేరు ఫైఫాక్స్. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో తెచ్చారు. ఉచితం, ప్రకటనలుండవు, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. మైకు ఎందుకంటే అది లేని ఫోన్ ఉండదు. ఫోన్ తిరగడాన్ని కొలిచే గైరోస్కోప్, గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండవు. పైగా మైకు సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది, యాక్సిలరోమీటర్ కొన్ని వందల సార్లే. లైట్ సెన్సర్ అయితే ఇంకా నిదానం, నాకు దాంతో ఎన్నడూ సరిగా కుదరలేదు.

మేం చేసింది బావి లోతు. ఊరి బయట చుట్టూ గట్టు ఉన్న పాత మోటబావి ఒకటుంది. యాప్‌లో అకూస్టిక్ స్టాప్‌వాచ్ అని ఉంటుంది: మొదటి చప్పుడుకు మొదలై, రెండో చప్పుడుకు ఆగుతుంది. మొదట ఒకడు "వదులు" అని అరిస్తే ఇంకొకడు రాయి వదిలాడు. 1.2 నుంచి 1.9 సెకన్ల దాకా నోటికొచ్చినట్టు వచ్చాయి. అరుపుకూ చెయ్యి వదలడానికీ మధ్య ఆలస్యం మరి. అప్పుడు ఒక పిల్ల ఉపాయం చెప్పింది. చెక్క స్కేలు కొసను గట్టు బయటికి చాచి, దాని మీద రాయి పెట్టి, స్కేలును పక్క నుంచి కర్రతో ఠక్కున కొట్టి తప్పించాలి. కొట్టిన చప్పుడుకే గడియారం మొదలవుతుంది, రాయి దాదాపు నిటారుగా పడుతుంది.

అయినా 0.3 సెకన్ల దగ్గరే ఆగిపోతోంది! చూస్తే బావి గోడ బొరియల్లో పావురాలు. చప్పుడు కాగానే గుంపుగా లేచి రెక్కలు టపటపలాడిస్తున్నాయి. ముందు ఒక రాయి వేసి వాటిని లేపేసి, అవి చింతచెట్టు మీద వాలేదాకా ఆగాం. యాప్‌లో మినిమమ్ డిలే అనే అంకెను 1 సెకను చేశాం, అంటే ఆ లోపు వచ్చే ప్రతిధ్వనిని అది లెక్కలోకి తీసుకోదు. అప్పుడు వరుసగా 1.51, 1.52, 1.53.

రాయి పడే దూరం 4.9 × కాలం × కాలం కదా, 1.52తో లెక్కేస్తే 4.9 × 1.52 × 1.52, అంటే 11.3 మీటర్లు. పక్కన ఎడ్లు కడుగుతున్న పెద్దాయన నవ్వి, "నీళ్లకాడికి పన్నెండు గజాలు సారూ, నన్నడిగితే చెప్పకపోతినా" అన్నాడు. పన్నెండు గజాలంటే 10.97 మీటర్లు. మరి మనది ఎందుకు ఎక్కువొచ్చింది? ఆ ప్రశ్నకే నేను ఎదురుచూస్తున్నా. చప్పుడు పైకి రావడానికి పట్టిన 0.03 సెకన్లను తీసేస్తే 10.88 వచ్చింది. తాడుకు రాయి కట్టి కొలిస్తే గట్టు పైనుంచి నీళ్లకు 10.7. ఆ మిగిలిన జానెడు ఎక్కడిది? స్కేలు గట్టు మీద కాదు, పిల్లవాడి చేతిలో గట్టుకు పైన ఉంది. అంతేకాదు, రాయి నీళ్లను తాకే వేగం దగ్గర 0.01 సెకను తేడా వస్తే లోతులో 15 సెంటీమీటర్లు తేడా వస్తుంది. కొలతల్లో దోషాల మీద నేను ఎన్ని పీరియడ్లు చెప్పినా రాని సంగతి అది.

బావి లేకుంటే రెండు ఫోన్లతో ధ్వని వేగం చేయించండి. 10 మీటర్ల దూరంలో పెట్టి, రెండింట్లోనూ స్టాప్‌వాచ్ తెరిచి, మొదటి దాని దగ్గర ఒకరు చప్పట్లు కొట్టాలి, తర్వాత రెండో దాని దగ్గర ఇంకొకరు. మొదటి ఫోన్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఆ తేడా ధ్వని 20 మీటర్లు పోవడానికి పట్టిన కాలం. ఏప్రిల్ ఎండలో మాకు 0.056 సెకన్లు వచ్చింది, అంటే సెకనుకు 357 మీటర్లు. "పుస్తకంలో 343 కదా సార్" అన్నారు. అది 20 డిగ్రీల దగ్గర, మన దగ్గర ఆ రోజు 41. సున్నా డిగ్రీల దగ్గర 331, డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతుంది, కాబట్టి 331కి 0.6 × 41 కలిపి చూడమన్నా.

యాక్సిలరోమీటర్‌ను గురుత్వాకర్షణ పాఠం అయ్యాకే తీయండి. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోన్ 9.8 చూపిస్తే పిల్లలు గందరగోళపడతారు. లోపల సన్నటి పట్టీల మీద వేలాడే సిలికాన్ ముక్క ఉంటుంది. బల్ల ఫోన్‌ను పైకి ఆపుతుంటే ఆ ముక్క కొంచెం కుంగుతుంది, యాప్ చూపించేది ఆ కుంగుబాటునే. ఫోన్‌ను వదిలేస్తే రెండూ కలిసే పడతాయి కాబట్టి సున్నా. 80 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 0.4 సెకన్లు సున్నా దగ్గర ఉంటుంది.

ఆ ప్రయోగానికి మాత్రం బొంత నాలుగు మడతలు వేయండి సార్. రెండు మడతలకే వదిలిన నా పాత ఫోన్ ఎగిరి బండ మీద పడి పలిగింది.