పొట్ట నిండుగా ఉంది, గేదె మాత్రం చిక్కిపోతోంది: ఎదకు ఇంజక్షన్ వేయించాలా?

ప్రశ్న: మాది పద్మనాభం మండలం. రెండు గేదెలు, ఎనిమిది నెలల పెయ్య ఉన్నాయి. పెద్ద గేదె ఈని ఏడు నెలలైనా ఎదకు రాలేదు. పూటకు రెండు లీటర్లిచ్చేది లీటరుకు దిగింది. వెన్న శాతం తగ్గిందని పాలకేంద్రంలో రేటు కోస్తున్నారు. గోడలు నాకుతోంది, ప్లాస్టిక్ కవర్లు నములుతోంది. మేతకు ఏ లోటూ చేయడం లేదు. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుంటుంది, ఫంక్షన్ హాల్ నుంచి తెచ్చిన అన్నం రోజూ రెండు బకెట్లు, కాస్త తవుడు పెడుతున్నాం. పెయ్యకు కూడా అదే మేత. దాని నల్ల వెంట్రుకలు ఎర్రబడి గరుకుగా ఉన్నాయి, కళ్లు నీరు కారుతున్నాయి. పేడ ఫొటో పంపాను. ఎదకు వచ్చే ఇంజక్షన్ ఏదైనా చెప్పండి. – ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ఫొటో పంపి మంచి పని చేశారు. పేడ బూడిద రంగులో, జావలా, పైన బుడగలతో ఉంది. మధ్యలో అన్నం మెతుకులు కనిపిస్తున్నాయి. దగ్గరికి వెళ్లి వాసన చూడండి, పుల్లగా కొడుతుంది. ఇంజక్షన్ మాట పక్కనపెట్టి ముందు మేత సంగతి చూద్దాం.

గడ్డిని అరిగించేది నిజానికి గేదె కాదు, దాని పెద్దపొట్టలో ఉండే కోట్ల సూక్ష్మజీవులు. వాటికి మాంసకృత్తులు కావాలి. మేతలో కనీసం 7 శాతమైనా లేకపోతే అవి సరిగా పెరగవు. వరిగడ్డిలో ఉండేది 3, 4 శాతమే. పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మాంసకృత్తులు చాలకపోవడంతో గడ్డి త్వరగా అరగక కడుపులోనే కూర్చుంటుంది. పొట్ట డప్పులా కనిపిస్తుంది, పైన పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మీ గేదె ఆకలితోనే ఉందమ్మా, కడుపులో చోటు లేక ఇంకా తినలేకపోతోంది.

ఇక అన్నం. ఆనందపురం, పెందుర్తి వైపు పెళ్లిళ్ల రోజుల్లో ఆటోల్లో డ్రమ్ములకొద్దీ అన్నం పశువుల శాలలకు వెళ్లడం నేను తరచూ చూస్తుంటాను. పారేసే కంటే మేలు కదా అంటారు. కానీ ఉడికిన అన్నం పెద్దపొట్టలో పడగానే గబగబా పులిసి ఆమ్లంగా మారుతుంది. అక్కడ 6కీ 7కీ మధ్య ఉండాల్సిన పీహెచ్ (పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే దిగితే గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. అన్నం నమిలే పని లేదు కాబట్టి నెమరు తగ్గుతుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది. ఆ పులుపును విరిచే సోడా ఉండేది లాలాజలంలోనే. పాలల్లో వెన్న తయారయ్యేది ఎక్కువగా పీచు అరిగినప్పుడు వచ్చే పదార్థం నుంచి కాబట్టి మీ పాలకేంద్రం లెక్కలో తప్పు లేకపోవచ్చు. ఇది ముదిరితే గిట్టలు నొప్పిపెట్టి గేదె కుంటుతుంది. ఒకేసారి ఎక్కువ తింటే ప్రాణం మీదికే వస్తుంది.

గోడలు నాకడం అల్లరి కాదు. ఫాస్ఫరస్, ఉప్పు, రాగి లాంటివి ఒంట్లో తగ్గినప్పుడు పశువు మట్టి, ఎముక, గుడ్డ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. ఫంక్షన్ హాల్ డ్రమ్ములో అన్నంతో పాటు ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు, మాంసం ఎముకలు కూడా వస్తాయి. కవర్లు పెద్దపొట్టలో ముద్దకట్టాక ఆపరేషన్ తప్ప దారి ఉండదు. గేదెకు తరచూ కడుపు ఉబ్బుతున్నా, నెమరు పూర్తిగా ఆగినా వెంటనే 1962కి ఫోన్ చేయండి, పశువైద్య వాహనం వస్తుంది.

ఎద సంగతి కూడా దీంట్లోనే ఉంది. తన ప్రాణం నిలుపుకోవడానికే మేత సరిపోని గేదెకు అండాశయం పని ఆపేస్తుంది. ఈ స్థితిలో హార్మోన్ ఇంజక్షన్ వేయిస్తే డబ్బు పోవడమే ఎక్కువ. ఆ డబ్బుతో వేరుశనగ చెక్క కొనండి.

అన్నం ఒక్కరోజులో మానిపించకండి. ఈ వారం ఒక బకెట్, వచ్చే వారం అరబకెట్, తర్వాత ఆపేయండి. దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. వంద కిలోలకు మొక్కజొన్న నూక 30, వేరుశనగ చెక్క 30, తవుడు 37, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన చెక్క చవగ్గా వచ్చినా కొనొద్దు. పాలిచ్చే గేదెకు ఒంటి పోషణకు కిలో, ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో లెక్కన రెండు పూటలా పంచి పెట్టండి. మీ గేదెకు ప్రస్తుతం రోజుకు రెండు కిలోలు. అలవాటు లేని దాణా కాబట్టి అరకిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచండి.

గడ్డినీ బాగుచేసుకోవచ్చు. వంద కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి పొరపొరకూ చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక కాసేపు ఆరనిచ్చి పెట్టండి. యూరియా కలిపిన నీళ్ల బకెట్ గేదెకు అందితే చచ్చిపోతుంది, ఆ పని పశువుల శాలకు దూరంగా చేయండి. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వద్దు.

పచ్చిమేత లేకుండా ఇదంతా సగం పనే. వరి కోతకు కొద్దిరోజుల ముందు, మడిలో తడి ఉండగానే పిల్లిపెసర ఎకరాకు 10–12 కిలోలు చల్లేయండి. మన పెద్దలకు తెలిసిన మేతే ఇది, మనమే మరిచిపోయాం. గట్టు పక్కన పది సెంట్లు ఖాళీ ఉంటే సూపర్ నేపియర్ గడ్డి ముక్కలు నాటండి. విత్తనాల సంగతి మీ రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఫలితం తెలియాలంటే గేదె పడుకుని నెమరేస్తున్నప్పుడు పక్కన కూర్చుని దవడ కదలికలు లెక్కపెట్టండి. ముద్దకు యాభై, అరవై సార్లు నమిలితే కడుపు దారిలో పడినట్టే. ఒళ్లు కాస్త నిండాక తెల్లవారుజామున ఎద లక్షణాలు గమనించండి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, పెద్దగా అరవవు. రెండు నెలలు బాగా మేపినా ఎదకు రాకపోతే అప్పుడు డాక్టర్‌తో గర్భసంచి పరీక్ష చేయించండి.

పెయ్యకు నట్టల మందు తాగించండి. వెంట్రుకలు ఎర్రబడటం రాగి లోపం కావచ్చు, లవణ మిశ్రమంతో సర్దుకుంటుంది. కళ్ల నీరు నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఎండుగడ్డిలో విటమిన్ ఎ ఇచ్చే పచ్చదనం ఉండదు. ఈ రాత్రి చీకటి పడ్డాక పెయ్యను విప్పి వదలండి. రాటకు, గోడకు తగులుకుంటూ నడిస్తే అది రేచీకటి. మీరు ఇంజక్షన్ అడిగారు కదా, అవసరమైన ఇంజక్షన్ అప్పుడు ఇదే: పెయ్యకు విటమిన్ ఎ. దాన్ని మాత్రం రేపటికి మించి ఆపకండి.