జైలు ఉద్యోగానికి రాష్ట్రం మారాలా? ఆఫర్ ముందా, మకాం ముందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. నాకు 34 ఏళ్లు. ఫార్మసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పాప ఏడో గ్రేడు. అత్తగారు మాతోనే ఉంటారు. మావారు ఇరవయ్యో ఏట గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నలతో కలిసి వచ్చారు. ఇప్పుడు సిటిజన్. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కాంట్రాక్టు ఉద్యోగం పోయి ఏడాది దాటింది. ఈమధ్య కరెక్షనల్ ఆఫీసర్ (జైల్లో ఖైదీల మీద కాపలా ఉండే ఉద్యోగి) అవుతానని టెక్సస్ రాష్ట్ర జైళ్లకూ, ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) జైళ్లకూ అప్లై చేశారు. ఇంకా ఎక్కడి నుంచీ కబురు లేదు. అయినా ఈ నెలలోనే అపార్ట్‌మెంటుకు నోటీసు ఇచ్చేసి, హ్యూస్టన్ పక్కన కేటీలో ఉన్న మా అన్నయ్య ఇంట్లో దిగుదామంటున్నారు. "డిసెంబరులో నాకు 37 వస్తాయి, ఆ తర్వాత ఎవరూ తీసుకోరు, అక్కడి అడ్రస్ ఉంటేనే పిలుస్తారు" అంటారు. అత్తగారిది రాజమండ్రి. "నా కొడుకు జైల్లో కాపలా కాస్తాడా" అని ఒకటే ఏడుపు. వద్దంటే నావల్లే ఉద్యోగం పోయిందంటారని భయం. సరే అంటే రోడ్డున పడతామేమోనని భయం. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, మీవారు మీ ముందు పెట్టింది ఒక ప్రశ్న కాదు, రెండు. ఉద్యోగం మారడం ఒకటి, రాష్ట్రం మారడం ఇంకొకటి. ఆయన రెండింటినీ కలిపి అడుగుతున్నారు కాబట్టి, మీరు ఇల్లు ఖాళీ చెయ్యడానికి భయపడుతున్నా అది ఆయన ఉద్యోగానికి అడ్డుపడినట్టు వినిపిస్తోంది. ముందు వాటిని విడదీసి మాట్లాడండి. నన్నడిగితే, ఉద్యోగానికి ఇవాళే సరే అనండి. మకాం మాత్రం ఆఫర్ లెటర్ వచ్చాక, అది కూడా ఏ ఊరి జైల్లో వేశారో తెలిశాకే మార్చండి.

ఆయన చెప్పే కారణాల్లో వయసు సంగతి సగమే నిజం. 37 ఏళ్ల నిబంధన ఫెడరల్ జైళ్లది. వాటిని నడిపే బ్యూరో ఆఫ్ ప్రిజన్స్‌లో ఆఫీసరుగా సాధారణంగా 37వ పుట్టినరోజుకు ముందే నియామకం జరగాలి. మాజీ సైనికుల్లాంటి కొందరికి మినహాయింపులున్నాయి గానీ మీవారికి అవి వర్తించవు. టెక్సస్ రాష్ట్ర జైళ్లకు ఆ గడువు లేదు. అక్కడ 18 ఏళ్లు నిండాలి, హైస్కూలు చదువు ఉండాలి, పెద్ద నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు. నలభై దాటాక చేరేవాళ్లూ ఉన్నారు. కాబట్టి డిసెంబరు టెన్షన్ ఫెడరల్ దరఖాస్తు ఒక్కదానికే. ఆ తొందరేదో ఆయన కాగితాలు పూర్తి చెయ్యడంలో చూపించాలి. సామాన్లు సర్దడం వల్ల ఫెడరల్ వాళ్ల ఫైలు ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

అడ్రస్ మాట అసలే నిలబడదు. టెక్సస్ రాష్ట్ర జైళ్లకు బయటి రాష్ట్రాల నుంచి అప్లై చెయ్యవచ్చు. సిబ్బంది కొరత అక్కడ ఏళ్ల తరబడి ఉంది. ఫెడరల్ ఉద్యోగానికైతే ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది అడ్డే కాదు. నిజానికి మధ్యలో ఇల్లు మారితే పని పెరుగుతుంది. గత కొన్నేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నారో రాయించుకుని, అవసరమైతే చుట్టుపక్కల విచారించే ఉద్యోగాలివి. ఫైలు నడుస్తుండగా అన్నగారి ఇంటి అడ్రస్ ఒకటి, ఆ తర్వాత అద్దె ఇంటి అడ్రస్ ఇంకొకటి చేరితే ఎవరికి లాభం?

టెక్సస్ ఎంత పెద్దదో మీవారు ఆలోచించారో లేదో నాకు అనుమానం. రాష్ట్ర జైళ్ల శాఖ ప్రధాన కార్యాలయం హంట్స్‌విల్‌లో ఉంది. హ్యూస్టన్ నుంచి ఉత్తరంగా 70 మైళ్లు. ఆ చుట్టుపక్కల చాలా జైళ్లున్నాయి, నిజమే. కానీ బీవిల్, గేట్స్‌విల్, పాలస్టైన్, అబిలీన్, అమరిల్లో ఊళ్లలో కూడా ఉన్నాయి. అమరిల్లోలో ఖాళీ ఉంది, వస్తావా అంటే కేటీ నుంచి దాదాపు 600 మైళ్లు. అప్పుడు అన్నగారి ఊరు ఎడిసన్ కంటే ఏమంత దగ్గర? ఏ యూనిట్ (జైలు) అన్నది ఖాయం కాకముందు పాపను కేటీ బడిలో చేర్చి, ఆర్నెల్లకే మళ్లీ తీయడం నాకు నచ్చని ఆలోచన.

ఇక మీరు అడగని ఒక మాట. న్యూజెర్సీలో జైళ్లు లేవా? రాష్ట్ర జైళ్లున్నాయి, కౌంటీ జైళ్లున్నాయి, ఫెడరల్ జైలే కావాలంటే ఫోర్ట్ డిక్స్, ఫెయిర్టన్ ఉన్నాయి. మీ ఇంటి నుంచి ఫోర్ట్ డిక్స్‌కు కారులో రోజూ వెళ్లి రావచ్చు. ఆయన వాటికి ఎందుకు అప్లై చెయ్యలేదు? జీతం, ఇంటి అద్దె, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం, ఇవన్నీ కారణాలు కావచ్చు. కానీ నాకు ఇంకొకటి తోస్తోంది. ఎడిసన్‌లో ఆయన్ని సాఫ్ట్‌వేర్ మనిషిగా ఎరిగినవాళ్లు వందమంది ఉంటారు. పటేల్ బ్రదర్స్‌లో ఎదురయ్యేవాళ్లు, బ్రిడ్జ్‌వాటర్ గుళ్లో పలకరించేవాళ్లు, "ఇంకా ఏం దొరకలేదా" అని ఏడాదిగా అడుగుతున్నవాళ్లు. యూనిఫాంలో వాళ్ల కంటపడటం కంటే ఎవరికీ తెలియని చోటికి పోవడమే ఆయనకు తేలికేమో. ఇది నా ఊహే. తప్పైతే మంచిదే. కానీ ఒకసారి, అత్తగారు లేనప్పుడు, ఫోర్ట్ డిక్స్ పేరెత్తి చూడండి. ఆయన లెక్కలు చెబితే సమస్య డబ్బుది. మొహం తిప్పుకుంటే సమస్య వేరే. అలాంటప్పుడు వాదనకు దిగకండి. ఏడాదిగా ఇంట్లో కూర్చున్న మగవాడికి నిద్ర ఎలా పడుతోంది, మందు పెరిగిందా, స్నేహితుల ఫోన్లు ఎత్తుతున్నాడా అన్నవి కూడా గమనించండి. ఆ ఇబ్బందులతో టెక్సస్ వెళ్తే అవీ మీతోపాటే వస్తాయి.

ఈలోపు ఆయన చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. ఇరవయ్యో ఏట గ్రీన్ కార్డుతో వచ్చారు కాబట్టి 26 నిండేలోపు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం ఉంచుకునే మగవాళ్ల జాబితాలో, పేరు నమోదై ఉండాలి. ఫెడరల్ వాళ్లు దీన్ని చూస్తారు. సిటిజన్‌షిప్ ఫారంలో ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది, అప్పుడేం రాశారో తీసి చూడమనండి. నమోదు నంబరు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. ఆ రోజుల్లో తెలియక వదిలేసి ఉంటే, ఎందుకలా జరిగిందో కాగితం మీద పెట్టడానికి టైమ్ పడుతుంది. అది ఇప్పుడే మొదలుపెట్టాలి.

తర్వాత అప్పులు. ఉద్యోగం లేని ఏడాదిలో క్రెడిట్ కార్డుల మీద ఎంత పేరుకుందో మీరు రాయలేదు. ఫెడరల్ విచారణలో క్రెడిట్ రిపోర్టు చూస్తారు, కట్టకుండా వదిలేసిన బాకీల గురించి అడుగుతారు. అప్పు ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు. కనీస వాయిదాలు తప్పకుండా కడుతూ, బాకీల పట్టిక ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. ఆ పట్టిక మీరూ చూడండి.

గంజాయి కలిపిన మిఠాయిలు, అదే గమ్మీల సంగతి కూడా చెప్పాలి, మొహమాటపడితే కుదరదు. న్యూజెర్సీలో 2022 నుంచి గంజాయి దుకాణాల్లో బహిరంగంగా అమ్ముతున్నారు. నిద్ర కోసమని ఒకటి వేసుకునే మనవాళ్లు తక్కువేం కాదు. ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు, టెక్సస్ కూడా ఒప్పుకోదు. డ్రగ్ టెస్టులో పట్టుబడితే "మా రాష్ట్రంలో చట్టబద్ధమే" అన్న మాట చెల్లదు. ఇంట్లో అలాంటివి ఉంటే ఇవాళే పారెయ్యండి. దరఖాస్తులో అడిగిన ప్రశ్నకు నిజమే రాయాలి. పాత ట్రాఫిక్ కేసు దగ్గర్నుంచి పాత ఉద్యోగం నుంచి తీసేసిన కారణం దాకా, చిన్న విషయం బయటపడి పోయే ఉద్యోగాల కంటే చిన్న అబద్ధం బయటపడి పోయేవే ఎక్కువ. విచారణకు వచ్చినవాళ్లు మిమ్మల్నీ అడగవచ్చు. ఆయన రాసిందేమిటో మీకు ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. మీ భయం సినిమాలు చూసి పుట్టిందైతే కొంత తగ్గించుకోవచ్చు. ఖైదీలుండే బ్లాకుల్లో ఆఫీసర్లు మామూలుగా తుపాకులు పట్టుకుని తిరగరు. తుపాకులు టవర్ల మీదా, ప్రహరీ దగ్గరా ఉంటాయి. రోజులో ఎక్కువ భాగం లెక్కింపులు, తలుపులు, భోజనాల వరసలు, రిపోర్టులు రాయడంతోనే గడుస్తుంది. కానీ తేలికైన పని మాత్రం కాదు. టెక్సస్‌లో 12 గంటల షిఫ్టులు మామూలు. మనుషులు తక్కువైతే ఇంటికి పోనివ్వకుండా ఓవర్‌టైమ్ వేస్తారు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర జైళ్ల ఆఫీసర్లు యూనియన్ అనుమతి కూడా లేకుండా సమ్మెకు దిగడానికి ఈ బలవంతపు ఓవర్‌టైమ్ ఒక పెద్ద కారణం. మూడు వారాలు సాగిన ఆ సమ్మె ముగిసేసరికి 2,000 మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. టెక్సస్‌లో దీనికి ఎండ తోడు. అక్కడి జైళ్లలో చాలావాటిలో ఖైదీలుండే చోట ఏసీ లేదు. 2025 మార్చిలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆ వేడి రాజ్యాంగ విరుద్ధంగానే కనిపిస్తోందని చెప్పారు గానీ, వెంటనే ఏసీలు పెట్టమని ఆదేశించలేదు. ఖైదీలున్న వేడిలోనే ఆఫీసరూ నిలబడాలి, అదీ పైన బరువైన రక్షణ చొక్కా తొడుక్కుని. పదేళ్లుగా కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషి దేహదారుఢ్య పరీక్షకే ఇప్పటి నుంచి రోజూ నడక, పరుగు మొదలుపెట్టాలి. మొదలుపెట్టారా? ఆయన మనసు ఎంత గట్టిదో మీకు దాన్నిబట్టి తెలిసిపోతుంది.

కుదిరితే ఆ పనిలో ఉన్నవాళ్లతో, వాళ్ల భార్యలతో ఒకసారి మాట్లాడండి. జీతం ఎంతని అడగవద్దు, అది ప్రకటనలోనే ఉంటుంది. ఇంటికొచ్చాక మనిషి ఎలా ఉంటాడని అడగండి. పన్నెండు గంటలు ఎవరినీ నమ్మకుండా గడిపినవాడు ఇంట్లో కూడా పాప ఎక్కడికెళ్లింది, ఎవరితో మాట్లాడింది అని ఆరా తీస్తుంటాడు. హోటల్లో గోడకు వీపు ఆనించుకునే కూర్చుంటాడు. షిఫ్టు దిగాక ఒక గంట ఎవరూ కదిలించకూడదు, నెలకు రెండు ఆదివారాలైనా ఇంట్లో ఉండాలి, ఇంట్లోకి తుపాకీ రావాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసే తేల్చుకోవాలి. ఇలాంటివి ఉద్యోగంలో చేరకముందే మాట్లాడుకుంటే గొడవలు తగ్గుతాయి. టెక్సస్‌లో తుపాకీ కొనడం ఎంత సులువో మీ అన్నయ్యను అడిగినా చెబుతారు.

అత్తగారి ఏడుపు గురించి. రాజమండ్రి మనిషికి సెంట్రల్ జైలు తెలియని చోటేం కాదు. ఆ జైల్లో పనిచేసిన కుటుంబాలు అదే ఊళ్లో పిల్లల్ని చదివించుకున్నాయి, పెళ్లిళ్లు చేసుకున్నాయి. ఆవిడకు ఆ సంగతి మీరు చెబితే కోడలి వాదనలా వినిపిస్తుంది. కొడుకే చెప్పాలి. అది కూడా "గవర్నమెంటు ఉద్యోగం" అని దాచిపెట్టి చెప్పకుండా, పేరుపెట్టి, జీతం, ఇన్సూరెన్స్, పెన్షన్ ఏమిటో వివరంగా చెప్పాలి. ఆవిడ కన్నీళ్లలో పరువు సగమైతే, ఈ వయసులో మళ్లీ ఊరు మారాలా అన్న బెంగ సగం ఉండవచ్చు. ఎవరైనా ఆవిడను ఆ మాట అడిగారా?

మీ ఉద్యోగాన్ని మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఇప్పుడు ఇల్లు నడుస్తున్నది దానిమీదే. ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా బహుశా దానిద్వారానే. టెక్సస్‌లో ఫార్మసీ టెక్నీషియన్‌గా చెయ్యాలంటే అక్కడి ఫార్మసీ బోర్డులో రిజిస్టర్ అవ్వాలి, జాతీయ సర్టిఫికేషన్ ఉండాలి. మీకు ఆ సర్టిఫికేషన్ లేకపోతే పరీక్షకు ఇప్పుడే కట్టండి, ఎడిసన్‌లో ఉన్నా పనికొస్తుంది. మీ కంపెనీకి టెక్సస్‌లో దుకాణాలుంటే ట్రాన్స్‌ఫర్ అడగండి. మీ అంతట మీరు మానేసి వెళ్తే నిరుద్యోగ భృతి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆఫర్ వస్తే ఆయన ఒక్కరే ముందు వెళ్లాలి. టెక్సస్‌లో శిక్షణ కాలానికి జీతం ఇస్తారు. ఫెడరల్ అయితే శిక్షణలో కొంత భాగం జార్జియా రాష్ట్రం గ్లింకోలో ఉంటుంది, ఎలాగూ అక్కడికి కుటుంబంతో వెళ్లరు. మొదటి కొన్ని నెలలు చాలామంది తట్టుకోలేక వదిలేసే సమయం. ఆ నెలలు ఆయన అక్కడ గది తీసుకునో, యూనిట్ దగ్గరైతే మీ అన్నయ్య ఇంట్లోనో గడపనివ్వండి. పాప జూన్‌లో ఇక్కడ ఏడో గ్రేడు ముగించుకుంటుంది. టెక్సస్‌లో బడులు ఆగస్టులో తెరుస్తారు. ఆలోపు అంతా కుదిరితే ఆ వేసవిలో మారండి, లేకపోతే వచ్చే వేసవి దాకా ఆగండి. అక్కడికి మారాక కారు రిజిస్ట్రేషన్‌కు 30 రోజులు, డ్రైవింగ్ లైసెన్సుకు 90 రోజులు గడువు ఉంటుంది.

అన్నయ్య ఇంటి విషయంలో ఒక జాగ్రత్త. ఆయన ప్రేమగానే పిలిచి ఉంటారు. కానీ ఉద్యోగం లేని బావగారు, అత్తగారు, చెల్లెలు, మేనకోడలు కలిసి ఎన్నాళ్లన్నది తెలియకుండా దిగితే మీ వదినగారి వంటింటికి ఎంత భారమో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఒక మాట తేడా వస్తే మధ్యలో నలిగేది మీరే. మీవారు ఒక్కరే, ఇన్ని వారాలు అని చెప్పి వెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మీవారితో ఈ మాటలే అనండి: "మీరు ఆ ఉద్యోగం చేస్తే నాకు నామోషీ లేదు. ఫోర్ట్ డిక్స్‌కు కూడా అప్లై చెయ్యండి, కాగితాలకు నేనూ కూర్చుంటాను. ఆఫర్ వచ్చిన రోజు ఇంటి నోటీసు మీద మీ పక్కనే నేనూ సంతకం పెడతాను." ఆ తర్వాత కూడా ఆయన ఈ నెలే వెళ్లాలని పట్టుబడితే, సరే, ఆయన్ని రెండు సూట్‌కేసులతో కేటీ పంపండి. లీజు, మీ ఉద్యోగం, పాప బడి మాత్రం కదిలించకండి.