ఎర్ర చుక్క చెవికి వినబడదు

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక కోచింగ్ సెంటర్‌కు అడ్మిషన్ ఫారం తయారుచేసి ఇచ్చాను. తప్పనిసరి గడుల పక్కన ఎర్ర చుక్క పెట్టాను. అవన్నీ నిండేదాకా సబ్మిట్ బటన్ పనిచేయదు. స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే విద్యార్థి ఒకరు బటనే దొరకట్లేదంటున్నారు. ఎందుకు?

జవాబు: డిసేబుల్ చేసిన (పనిచేయకుండా ఆపిన) బటన్ మీద ట్యాబ్ కీ ఆగదు, దాటిపోతుంది. కనుక బటన్‌ని ఎప్పుడూ నొక్కనివ్వండి, తప్పులుంటే నొక్కాక చెప్పండి.

ఇక చుక్క. ట్యాబ్‌తో గడి నుంచి గడికి వెళ్లేవారికి ఆ గడి లేబుల్ (కోడ్‌లో గడికి కట్టిన పేరు) వినిపిస్తుంది, పక్కన విడిగా ఉన్న గుర్తు వినిపించదు. లేబుల్‌లోనే ‘మొబైల్ నంబర్ (తప్పనిసరి)’ అని రాయండి. ఆ పేరు గడికి అతకాలంటే కోడ్‌లో లేబుల్‌లోని ‘ఫర్’, గడి ‘ఐడీ’ అక్షరం తేడా లేకుండా కలవాలి. ప్లేస్‌హోల్డర్‌ను (ఖాళీ గడిలో లేతగా కనిపించే రాతను) లేబుల్‌గా వాడొద్దు, టైప్ చేయగానే మాయమవుతుంది.

గడి కోడ్‌లో ‘రిక్వైర్డ్’ (తప్పనిసరి అనే గుర్తు) కూడా చేర్చండి. ఇక్కడో చిక్కుంది: ఖాళీ గడిలోకి రాగానే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ‘ఇన్‌వాలిడ్ ఎంట్రీ’ (తప్పు నమోదు) అనేస్తుంది. ఏమీ రాయకముందే తప్పంటే ఎవరికైనా చిరాకే! గడిలో తప్పుందో లేదో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ‘ఏరియా-ఇన్‌వాలిడ్’ను మొదట ‘ఫాల్స్’గా ఉంచి, తప్పు తేలాకే ‘ట్రూ’ చేయండి.

మండలం జాబితాలో చాలామంది బోల్తా పడతారు. దామరచర్ల, వేములపల్లి, నిడమనూరుల పైన ‘మండలం ఎంచుకోండి’ అని ఉంటుంది కదా, కోడ్‌లో దాని వాల్యూ (విలువ) ఖాళీగా లేకపోతే అదే ఎంపికగా లెక్కకొస్తుంది. ‘రిక్వైర్డ్’ ఉన్నా లేనట్టే.

ఎంపీసీ, బైపీసీ రేడియో బటన్లను (ఒక్కటే ఎంచుకునే గుండ్రటి బటన్లను) ‘ఫీల్డ్‌సెట్’ అనే ఒకే గుంపులో పెట్టి, ‘ఇంటర్ గ్రూప్ (తప్పనిసరి)’ అని ‘లెజెండ్’ (గుంపు పేరు) ఇవ్వండి.

తప్పుంటే బ్రౌజర్ తానే చూపే సందేశపు బుడగ కాసేపటికే పోతుంది. ఫారంకు ‘నోవాలిడేట్’ పెట్టి బ్రౌజర్ తనిఖీని ఆపి, సందేశం మీరే రాయండి. ‘తప్పు’ అంటే సరిపోదు, ‘మొబైల్ నంబర్‌లో 10 అంకెలు ఉండాలి’ అనాలి. దాన్ని ‘ఏరియా-డిస్క్రైబ్డ్‌బై’తో గడికి కట్టి, సబ్మిట్ నొక్కగానే ఫోకస్‌ను (కీబోర్డు నిలిచే చోటును) తప్పున్న మొదటి గడికి పంపండి. అప్పుడు గడి పేరు, వెంటనే ఆ సందేశం వినిపిస్తాయి.

కోడ్‌లో పేజీ భాష ‘టీఈ’ (తెలుగు) అని ఉందో లేదో చూడండి. ‘ఈఎన్’ (ఇంగ్లిష్) అని వదిలేస్తే తెలుగు లేబుళ్లను ఇంగ్లిష్ గొంతు పాడుచేస్తుంది, లేదా మింగేస్తుంది.

ఎన్‌వీడీఏ ఉచితం. విండోస్‌లో వేసుకుని, మానిటర్ ఆపేసి, మౌస్ ముట్టకుండా మీ ఫారం మీరే నింపండి. ఒక గడి కావాలనే వదిలేసి సబ్మిట్ నొక్కండి. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తోనూ ఇదే చేయండి.