స్టార్ కాకపోతే రెజ్లర్‌కి మిగిలేదేమిటి?

మీ తమ్ముడు ఇంజనీరింగ్ అయ్యాక ప్రొఫెషనల్ రెజ్లింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టాడని, పెద్ద పేరు రాకపోతే వాడి బతుకేం కావాలని ఇంట్లో బెంగపెట్టుకున్నారని రాశారు. నేను రెజ్లర్‌ని కాను. మాది గూడూరు. కుర్రతనంలో మద్రాసు వచ్చి సినిమాల్లో ఫైటర్‌గా చేరాను. వడపళని, సాలిగ్రామం మధ్యే జీవితం గడిచింది. ఇప్పుడు షూటింగులు తగ్గించుకుని కొత్త కుర్రాళ్ళకి పడటం నేర్పుతున్నాను. దెబ్బ తినడమే వృత్తిగా బతికినవాణ్ణి కాబట్టి మీ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

అమెరికాలోని డబ్ల్యూడబ్ల్యూఈ అనే పెద్ద రెజ్లింగ్ కంపెనీలో స్టార్ అయిన జాన్ సీనా కథ మీ తమ్ముడికి ఎటూ తెలుసు. అంత స్టార్ కాకుండానే చివరికి గురువైన నార్మన్ స్మైలీ అనే రెజ్లర్ కథ చదవమనండి.

స్మైలీ 1965లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో పుట్టాడు, మయామీలో పెరిగాడు. ఫ్లోరిడాలో బోరిస్ మలెంకో దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ మలెంకో అసలు పేరు లారీ సైమన్. పుట్టింది అమెరికాలోనే అయినా రష్యా విలన్ వేషంతో ఊరూరా జనం చేత తిట్లు తిని, చివరికి కుర్రాళ్ళకి పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. అంటే గురువుదీ దాదాపు అదే దారి. 80ల చివర్లో స్మైలీ జపాన్ వెళ్ళి యూడబ్ల్యూఎఫ్ అనే కంపెనీలో ఆడాడు. అక్కడ తాళ్ళ మీదికి పరిగెత్తడాలు, ఎగిరి దూకడాలు లేవు. తన్నులు, కీళ్ళ పట్లు, చూసేవాడికి నిజం పోటీ అనిపించాలి. ఆ తర్వాత మెక్సికో. అక్కడ బ్లాక్ మ్యాజిక్ అనే పేరుతో, 1933 నుంచీ నడుస్తున్న సీఎంఎల్ఎల్ అనే పాత కంపెనీలో హెవీవెయిట్ ఛాంపియన్ బెల్ట్ కూడా గెలిచాడు.

దేశం మారితే ఒంటికి ఏమవుతుందో మీకు తెలియాలి. అమెరికాలో రెజ్లర్లు మెడ పట్టినా చెయ్యి పట్టినా ఎదుటివాడి ఎడమ వైపే పట్టుకుంటారు. మెక్సికోలో కుడి వైపు. వినడానికి చిన్న సంగతే. కానీ రోజూ చేసే పల్టీని ఒక్కసారి రెండో వైపు నుంచి వేయమంటే మా దగ్గర పదేళ్ళ అనుభవం ఉన్న ఫైటర్ కూడా తడబడతాడు. నా కుర్రాళ్ళ చేత చేయిస్తాను కాబట్టి చెప్తున్నాను. ముందు ఏ పాదం కదపాలో కాలికి తోచదు, భుజం ఆలస్యంగా తిరుగుతుంది, పక్కవాడి ముక్కు మీద మోచేయి పడుతుంది. వృత్తి మధ్యలో ఒంటికి మళ్ళీ అక్షరాభ్యాసం చేయించుకుని, కొత్త ఊళ్ళో కొత్త మనుషులకి దెబ్బ తగలకుండా పనిచేసినవాడు మామూలు పనివాడు కాడు.

1997లో స్మైలీ డబ్ల్యూసీడబ్ల్యూ అనే అమెరికా కంపెనీలో చేరాడు. ఎవరు గెలవాలో ముందే రాసుకునే ఆట కాబట్టి, అక్కడ చాలా రాత్రులు అతని పని ఓడిపోవడం. తర్వాత నడుం తిప్పే ఒక డాన్సుతో జనానికి దగ్గరయ్యాడు. 1999 నవంబర్‌లో ఆ కంపెనీ మొట్టమొదటి హార్డ్‌కోర్ ఛాంపియన్ అయ్యాడు. కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొట్టుకునే పోటీలవి. హెల్మెట్, ప్యాడ్లు కట్టుకొచ్చి, దెబ్బ పడకముందే కెవ్వుమని అరుస్తూ పారిపోయేవాడు. అది కామెడీ, దిగజారుడు అన్నవాళ్ళున్నారు. నేనొప్పుకోను. జపాన్‌లో నిజమనిపించేలా పోరాడినవాడు పిరికివాడిగా నటించి హాలు మొత్తాన్ని తన వెంట తిప్పుకోవడం, మా సినిమా భాషలో చెప్పాలంటే, ఫైటూ తెలిసి టైమింగూ తెలిసినవాడికే సాధ్యం. అలాంటి ఫైటర్ దొరికితే ఫైట్ మాస్టర్లు వదలరు.

2001 మార్చిలో ఆ కంపెనీ అమ్ముడైపోయింది. చాలామంది చెల్లాచెదురయ్యారు. స్మైలీ కొన్నేళ్ళకి ఫ్లోరిడాలోనే డబ్ల్యూడబ్ల్యూఈ శిక్షణ విభాగంలో కోచ్‌గా చేరాడు. 2013లో ఓర్లాండోలో ఆ కంపెనీ పెర్ఫార్మెన్స్ సెంటర్ అనే శిక్షణ కేంద్రం తెరిచాక అక్కడా కొనసాగాడు. ఫుట్‌బాల్ నుంచో జిమ్నాస్టిక్స్ నుంచో వచ్చి, రింగులో ఎప్పుడూ అడుగుపెట్టనివాళ్ళకి మొదటి పాఠాలు చెప్పే పని అది.

ఆ మొదటి పాఠం ఏమిటో చెప్తాను. వెల్లకిలా పడటం. వాళ్ళు దాన్ని బంప్ అంటారు, మేము ఫాల్ అంటాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం తగులుతుంది. వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలని తాకాలి. చేతులు పక్కలకి చాచి అరచేతులతో గట్టిగా చరచాలి, అదే క్షణంలో ఊపిరి వదలాలి. మనిషికి పుట్టుకతో ఉన్న భయం చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోమంటుంది. ఆ చెయ్యే విరుగుతుంది. ఆ భయాన్ని ఒంట్లోంచి తీసేయడానికి నెలలు పడుతుంది. "అంతా ఫేక్ కదా" అనేవాళ్ళకి ఒక్క మాట. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు, నిజమే. కానీ రింగంటే ఇనుప ఫ్రేమ్, దాని మీద చెక్క పలకలు, పలచని ఫోమ్, పైన కాన్వాస్. దాని మీద పడే వీపు నిజం. షూటింగుల్లో మేము పడే బెడ్లు దానికంటే మెత్తన.

ఎక్కువ ఓడినవాళ్ళే మంచి గురువులు ఎందుకవుతారో ఇప్పుడు అర్థమవుతుంది. గెలిచేవాడు తన దెబ్బ ఎలా కనపడుతుందో చూసుకుంటాడు. ఓడేవాడు ఎదుటివాడి బరువు, ఊపిరి, కంగారు అన్నీ తన ఒంటితో చదువుతాడు. కొత్త హీరో గారు పంచ్ దూరం తప్పి వేస్తే తల పక్కకి తీసి, అయినా దెబ్బ పడ్డట్టు చూపించేది మేమే. రెండో టేక్‌కి ముందు "సార్, అర అడుగు వెనక్కి" అని చెవిలో చెప్పేదీ మేమే. బోధన అక్కడే మొదలవుతుంది.

ఫిట్ ఫిన్లే అని ఇంకొకాయన ఉన్నాడు. ఉత్తర ఐర్లండ్ మనిషి. 1974లో మొదలుపెట్టి బ్రిటన్, యూరప్ హాళ్ళలో ఏళ్ళ తరబడి ఆడాడు. 2001 తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈలో మహిళా రెజ్లర్లకి శిక్షణ ఇచ్చాడు. ట్రిష్ స్ట్రేటస్ లాంటివాళ్ళు ఆయన చేతిలో నలిగి నిగ్గుతేలినవాళ్ళే. 2006లో, యాభైకి దగ్గరపడుతున్న వయసులో, మళ్ళీ రింగెక్కాడు. నాకు ఆయనంటే చాలా గౌరవం.

అమ్మానాన్నల భయం కూడా న్యాయమైనదే. డబ్ల్యూడబ్ల్యూఈ లాంటి పెద్ద కంపెనీ కూడా రెజ్లర్లని ఉద్యోగులుగా కాక కాంట్రాక్టర్లుగా చూస్తుంది. చిన్న కంపెనీల్లో ఒళ్ళు మనది, బిల్లూ మనదే. నా భుజం జారినప్పుడు ఆ సినిమా నిర్మాత ఆసుపత్రి మెట్టెక్కలేదు. తోటి ఫైటర్లు చందా వేసుకుని కట్టు కట్టించారు. 1999 మేలో అమెరికాలోని కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్‌ని షో కోసం పైకప్పు నుంచి తాడుతో దింపబోతే, కొక్కెం ఊడి ఆయన పడి చనిపోయాడు. ముప్పైనాలుగేళ్ళు. రోప్ షాట్ చేసే ప్రతి కుర్రాడికీ నేను ఈ సంగతి చెప్తాను. తాడు, కొక్కెం ఎవరు కట్టారో తెలియకపోతే, కారవాన్‌లో ఎంత పెద్ద హీరో ఎదురుచూస్తున్నా సరే, పైకి ఎక్కొద్దంటాను.

మన దేశంలో దారి సన్నగా ఉంది. డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన మన గ్రేట్ ఖలీ 2015లో జలంధర్‌లో రెజ్లింగ్ అకాడమీ పెట్టాడు. అక్కడ నేర్చుకున్న హర్యానా అమ్మాయి కవితా దేవి 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ టోర్నమెంట్ దాకా వెళ్ళింది. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద షో జరిగితే మా మేనల్లుడు ఇక్కడి నుంచి రైలెక్కి వెళ్ళొచ్చాడు. కానీ మన దక్షిణాదిలో నెలనెలా షోలు పడి వాటి మీదే ఇల్లు గడిచే పరిస్థితి ఇంకా లేదు. మీ వాడు ఇంకో సంపాదన చూసుకుంటూనే నేర్చుకోవాలి. డిగ్రీ చేతిలో ఉంది కాబట్టి అది కుదిరే పనే.

ఏ శిక్షణ కేంద్రానికి వెళ్ళినా మొదటి రోజు డబ్బు కట్టొద్దనండి. ఒక మూల కూర్చుని చూడమనండి. వచ్చిన వారానికే కుర్రాళ్ళని ఎత్తి కుదేయిస్తుంటే, పై తాడు మీంచి దూకిస్తుంటే వెనక్కి వచ్చేయాలి. ఒకే ఫాల్‌ని వందసార్లు విసుగు లేకుండా చేయించే కోచ్ కనపడితే, పడ్డవాడి మెడ మీదే అతని చూపు ఉంటే, అక్కడ చేరొచ్చు. ఆ కోచ్ ఎన్ని బెల్టులు గెలిచాడని అడగక్కర్లేదు. అతనితో ఆడినవాళ్ళు ఎంతమంది దెబ్బల్లేకుండా ఇంటికెళ్ళారో వాకబు చేయమనండి. రింగు వెనకాల అడిగితే చెప్తారు, ఇలాంటివి ఎవరూ దాచరు.

ఈలోపు చెన్నై పంపగలిగితే పంపండి. తెల్లవారుజామున మా కుర్రాళ్ళతో పాటు ఫాల్ నేర్పిస్తాను, రూపాయి తీసుకోను. నాన్నగారిని కూడా తీసుకురమ్మనండి. కొడుకు ఎలా పడుతున్నాడో ఆయన కళ్ళతో చూసుకుంటే ఇంట్లో మాట్లాడుకోవడం తేలికవుతుంది.