కావలికి మారండి, ఆ ప్లాటుకు మాత్రం ఇప్పుడే సంతకం పెట్టొద్దు

ప్రశ్న: చెన్నైలో అద్దెకుంటున్నాం. మావారికి నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఇటు నెల్లూరు, అటు ఒంగోలు దగ్గర, చెన్నైకి రైలుంది, ఖర్చూ తక్కువని కావలికి మారదామనుకున్నాం. ఊరి బయట నాలుగెకరాల వెంచర్‌లో 25 అంకణాల ప్లాటు 14 లక్షలకు మాట్లాడుకుని, 3 లక్షలు నగదుగా అడ్వాన్స్ ఇచ్చాం. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాసిచ్చారు. పంచాయతీ అప్రూవల్ ఉందంటున్నారు. నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్స్ తిరిగి రాదంటున్నారు. ఏం చేయాలి? మా బాబు ఏడో తరగతి.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆ నెలాఖరు టెన్షన్ పక్కన పెట్టండి. తొందరపెట్టాల్సింది మీరు, వాళ్లు కాదు. ఎందుకో చెబుతాను.

మీరు పంపిన జిరాక్సులు రెండుసార్లు చదివాను. లింకు డాక్యుమెంటులో, అంటే ఆ భూమి ఇంతకుముందు చేతులు మారిన పత్రంలో, స్థలం వివరాలు రాసే షెడ్యూలు దగ్గర సర్వే నంబరు చివరి అంకె దిద్ది ఉంది. పక్కన ఎవరి పొట్టి సంతకమూ లేదు, చివర దిద్దుబాట్ల వివరం రాసే చోట కూడా దాని ఊసు లేదు. మీ అగ్రిమెంటులో మాత్రం ఆ దిద్దిన నంబరే టైపు చేశారు. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఇక్కడే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ డాక్యుమెంటుకు సర్టిఫైడ్ కాపీ తీయించండి, అసలు అంకె ఏదో తేలిపోతుంది. ఆ రెండు నంబర్లనూ 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, వెతికించండి. అందులో ఏదైనా డి.కె.టి. పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి) అయితే, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద కొన్నవాళ్లకు హక్కు రాదు. దానికి మినహాయింపు వచ్చిందంటే ఆ ఉత్తర్వు అమ్మేవాళ్లే చూపించాలి. శ్లాబు వేసిన తర్వాత తహసీల్దారు నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన వాళ్లున్నారమ్మా. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ.

పంచాయతీ అప్రూవల్ ఒక్కటే సరిపోదు. లేఅవుటుకు డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళికా శాఖ) లేదా ఆ ప్రాంతపు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉండాలి. దానితోపాటు రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్. 2016 నాటి ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా నంబరు లేకుండా అమ్మకం కాదు కదా, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నాలుగెకరాలంటే 16 వేల చదరపు మీటర్ల పైమాట. మీరు పంపిన బ్రోచర్‌లో పార్కు బొమ్మ, గేటు బొమ్మ ఉన్నాయి, నంబరు లేదు. 13వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. మీ లెక్కలో అది లక్షా 40 వేలు. వాళ్లు 3 లక్షలు తీసుకున్నారు, అదీ నగదుగా. స్థలాల లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా తీసుకున్న వాళ్లకే.

ఇక 'అడ్వాన్స్ తిరిగి రాదు' అన్న షరతు. అమ్మేవాళ్లు తమ హక్కు కాగితాలు చూపించాలని, లోపాలు దాచకూడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. లోపం వాళ్ల వైపు ఉండి మీరు వెనక్కి తగ్గితే ఆ షరతు వాళ్లను కాపాడదు. 3 లక్షలు ముట్టినట్టు అగ్రిమెంటులో రాసి సంతకం చేశారు కాబట్టి అది మీకు బలం. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.

వెంచర్ వాళ్లు రైతు ఇచ్చిన జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం ఇస్తూ రాసిన పత్రం) మీద అమ్ముతున్నారు. అది రిజిస్టరైందా, ఇచ్చిన రైతు బతికే ఉన్నారా అని కనుక్కోండి. పిత్రార్జితమైతే ఆయన అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలి. ఆడపిల్లలకు పుట్టుకతోనే వాటా ఉంటుందని 2005 సవరణ మీద సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది.

చిన్నదే అయినా ఒక మాట. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు 36 అడుగులే. 25 అంకణాలంటే మీకు 200 గజాలు రావాలి. అగ్రిమెంటులో అంకణాలే ఉన్నాయి, డాక్యుమెంటులో గజాలు రాయించండి.

ఈ వారమే లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి: రెరా నంబరు, లేఅవుటు అనుమతి, లింకు డాక్యుమెంట్లు 15 రోజుల్లో చూపించాలి, లేదంటే 3 లక్షలు వడ్డీతో ఇవ్వాలి. స్పందించకపోతే రాష్ట్ర రెరా అథారిటీకి ఫిర్యాదు చేద్దాం.

కావలికి మారే ఆలోచన మాత్రం మానుకోకండి. ఏడాది అద్దెకుండి చూడండి. బాబు కోసం నేనే మీకు గుర్తుచేయాలి: మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు లోకల్ అభ్యర్థి కావాలంటే సాధారణంగా ఇంటర్ పూర్తయ్యేనాటికి వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతికల్లా ఇక్కడి బడిలో చేరాలి. లోకల్ అన్నది యూనివర్సిటీ పరిధిని బట్టి చూస్తారు: కావలి ఉన్న నెల్లూరు జిల్లా ఎస్వీయూ (తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) పరిధి, ఒంగోలు ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. స్కూలు వెతికేటప్పుడు అదీ చూసుకోండి. ప్లాటు ఎప్పుడైనా దొరుకుతుంది, బాబు తొమ్మిదో తరగతికి ఇంకా రెండేళ్ల లోపే ఉంది.