తిరిగి ఎప్పుడు, ఎలా వస్తారని అడగడం తప్పా? శ్రీలంక వెళ్లిన ఒక జవాను ఇంటి నుంచి నా సమాధానం

మీరు అడిగింది ఇది: ఒక దేశం పరాయి గడ్డ మీదికి సైన్యాన్ని పంపుతున్నప్పుడు "పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది, వెనక్కి ఎలా వస్తారు" అని జనం నిలదీస్తే అది సైనికుల్ని అవమానించినట్టా, దేశభక్తి లేనట్టా? అమెరికాలో ఉన్న మీ బంధువులు దీని మీద మాటలు మానేసేదాకా వెళ్లారని కూడా రాశారు.

అవమానం కానే కాదు. ఆ ప్రశ్న అందరికంటే ముందు సైనికుడి ఇంట్లోనే పుడుతుంది. మాది అలాంటి ఇల్లు కాబట్టే రాస్తున్నాను. ఇరాక్, అఫ్గానిస్తాన్ గురించి చాలామంది చెబుతారు. మన సైన్యమే ఇలా వెళ్లి చిక్కుకుపోయిన శ్రీలంక సంగతి మాత్రం మనవాళ్లకు 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య దగ్గరే మొదలవుతుంది. అంతకు ముందు ఏం జరిగిందో ఇళ్లల్లో మాట్లాడుకోగా నేను వినలేదు, మా ఇంట్లో తప్ప.

నాన్నది గిద్దలూరు వైపు పల్లె. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో ఒకరో ఇద్దరో మిలటరీలో ఉంటారు. 1987లో ఆయన సికింద్రాబాద్‌లోని 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్‌లో లారీ డ్రైవరు. మేం ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం, నేను హైస్కూల్లో చదువుతున్నాను. జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే, అక్కడి ప్రభుత్వానికీ తమిళ మిలిటెంట్లకూ నడుస్తున్న యుద్ధాన్ని ఆపే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మర్నాటి నుంచే మన సైన్యం జాఫ్నాలో దిగడం మొదలైంది. శాంతి పరిరక్షక దళం అని పేరు, ఐపీకేఎఫ్ అనేవాళ్లు. ముందు వెళ్లింది ఈ 54వ డివిజనే.

ఆ ఒప్పందం ఏం చెప్పిందో చూడండి. సంతకాలైన 48 గంటల్లో కాల్పులు ఆగాలి. ఆగిన 72 గంటల్లో తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి. మొత్తం ఐదు రోజుల లెక్క. అవసరమైతే శ్రీలంక అధ్యక్షుడు భారత దళాన్ని పిలుచుకోవచ్చని అనుబంధంలో ఉంది. ఆ దళం ఎప్పుడు వెనక్కి వెళ్లాలన్నది ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆయుధాలు దించాల్సిన ఎల్‌టీటీఈ, అంటే తమిళ పులులు, ఆ కాగితం మీద సంతకమే పెట్టలేదు. ఐదు రోజుల్లో దించకపోతే ఏం చేయాలి? దానికి జవాబు ఎవరూ సిద్ధం చేసుకోలేదు. చివరి జవాన్లు ట్రింకోమలీ నుంచి ఓడ ఎక్కేసరికి 1990 మార్చి 24 వచ్చింది. అంటే దాదాపు 32 నెలలు.

మొదట్లో అంతా బాగానే ఉందని నాన్న అనేవారు. జాఫ్నాలో జనం దండలు వేశారట, పులుల కుర్రాళ్లు వీళ్లతో కలిసి టీ తాగేవారట. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాల్లో "ఇక్కడంతా తాటిచెట్లే, మన ఊరు గుర్తొస్తోంది" అని ఉండేది. ఆగస్టు మొదట్లో పులులు కొన్ని ఆయుధాలు అప్పగించారు, అదీ నామమాత్రంగా. సెప్టెంబరులో తిలీపన్ అనే వాళ్ల నాయకుడు మంచినీళ్లు కూడా ముట్టకుండా నిరాహార దీక్ష చేసి 26న చనిపోయాడు. అక్టోబరు మొదట్లో శ్రీలంక నేవీకి పట్టుబడిన ఎల్‌టీటీఈ వాళ్లు సైనైడ్ మింగారు, పన్నెండు మంది పోయారు. ఆ వారంలోనే మన సైన్యం పులుల మీద యుద్ధానికి దిగాల్సి వచ్చింది. ఆపరేషన్ పవన్ అదే. జాఫ్నా విశ్వవిద్యాలయంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో 29 మంది చనిపోయి ఒక్కడు పట్టుబడ్డాడు. అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా పోయారు. ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్నారని సైన్యం చెప్పింది. అక్కడి తమిళులు ఇప్పటికీ దాన్ని ఊచకోత అనే తలుచుకుంటారు. ఎవరిని కాపాడటానికి వెళ్లారో వాళ్లే మన యూనిఫాం చూస్తే తలుపులు వేసుకునే రోజులు వచ్చాయి.

నాన్న భయం అంతా కల్వర్టుల దగ్గరే. వాటి కింద మందుపాతర పెట్టి, దూరంగా వైరు పట్టుకుని కూర్చునేవాళ్లట. పొద్దున్నే రోడ్ ఓపెనింగ్ పార్టీ నడిచి వెళ్లి దారి చూసి వస్తేనే కాన్వాయ్ కదిలేది. వాళ్లు చూసి వచ్చాక కూడా పేలేవి. తిరిగొచ్చాక చాలా ఏళ్లు, ఊరికి బస్సులో వెళ్తున్నా సరే, చిన్న కల్వర్టు వస్తే ఆయన కుడికాలు బ్రేకు తొక్కినట్టు బిగుసుకునేది. పక్కన కూర్చున్న నాకు తెలిసిపోయేది.

ఇక క్వార్టర్స్‌లో మా పరిస్థితి. అమ్మ, పక్కింటి ఆంటీలు కలిసి రియర్ పార్టీలో, అంటే యూనిట్ వెళ్లాక ఇక్కడ ఉండిపోయినవాళ్లలో, ఉన్న సుబేదార్ దగ్గరికి వెళ్లి "ఎప్పుడొస్తారు సాబ్" అని అడిగేవాళ్లు. ఆయన మంచి మనిషి. కానీ ఆయన దగ్గరున్న జవాబు ఒక్కటే, "ఆర్డర్ రావాలమ్మా". వచ్చే ఏడాది నన్ను ఇక్కడే చదివించాలా, ఊళ్లో చేర్పించాలా అన్నది కూడా అమ్మ తేల్చుకోలేకపోయింది. ఉత్తరంలో అడిగితే నాన్న "నాకూ తెలియదు, నువ్వే చూసుకో" అని రాశారు. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లెవరూ యుద్ధానికి వ్యతిరేకులు కారు. భర్త ఉద్యోగం ఏమిటో తెలిసి పెళ్లి చేసుకున్నవాళ్లే. వాళ్లు అడిగింది కూడా సరిగ్గా మీ ప్రశ్నే.

ఆర్డర్ ఎందుకు రాలేదో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. పని మారిపోతూ వచ్చింది. ముందు ఆయుధాలు తీసుకోవడం. తర్వాత పులులతో యుద్ధం. జాఫ్నా పట్టణం కొన్ని వారాల్లోనే చేతికొచ్చింది, పులులు మాత్రం వన్ని అడవుల్లోకి తప్పుకున్నారు. ఆ తర్వాత 1988 నవంబరులో శ్రీలంకలోని ఈశాన్య రాష్ట్రానికి ఎన్నికలు జరిపించడం. గెలిచిన వరదరాజ పెరుమాళ్ ప్రభుత్వాన్ని కాపాడటం. మనం వచ్చేస్తే ఆ ప్రభుత్వం నిలబడదు కాబట్టి దానికి ఒక సొంత దళాన్ని తయారు చేయడం. కొత్తగా నెత్తిన వేసుకున్న ప్రతి పనీ తిరిగి రావడాన్ని ఇంకాస్త కష్టం చేసింది. ఒక డివిజన్ నాలుగు డివిజన్లయింది. ఇంతమంది పోయారు, ఇప్పుడు వదిలేసి వస్తే ఆ ప్రాణాలు వృథా కదా అనే మాట మొదలైంది. అక్కడి నుంచి ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు.

పిలిచినవాళ్లు కూడా మారిపోయారు. దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. జయవర్ధనే పిలిచారు. ఆయన తర్వాత వచ్చిన ప్రేమదాస, 1989 జూన్‌లో, జూలై ఆఖరుకల్లా భారత సైన్యం వెళ్లిపోవాలన్నారు. దక్షిణాన సింహళ యువకుల జేవీపీ తిరుగుబాటుకు మన సైన్యం అక్కడ ఉండటమే పెద్ద సాకు. అంతటితో ఆగలేదు, మనవాళ్లతో పోరాడుతున్న పులులకే ప్రేమదాస ప్రభుత్వం ఆయుధాలు ఇచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు అయింది మన సైన్యం పరిస్థితి. సింహళీయులకు ఆక్రమణదారులు, తమిళులకు ద్రోహులు. మొత్తం మీద మనవాళ్లు 1,100 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డవాళ్లు వేలల్లో. నాన్న 1989లో పోస్టింగ్ మారి వచ్చేశారు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగినప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. ఆ వార్త విన్న రోజు నాన్న అన్నం సరిగ్గా తినలేదు. ఆయనకు రాజకీయం పట్టేది కాదు. వెళ్లమన్నదీ వాళ్లే, ఇప్పుడు మొహం చాటేసిందీ వాళ్లే అన్నదే ఆయన బాధ. "వాళ్లు" అంటే ఆయన ఉద్దేశంలో ఒక పార్టీ కాదు, ఢిల్లీ నుంచి మద్రాసు దాకా కుర్చీల్లో ఉన్న అందరూ.

మన సైన్యం వెనక్కి వచ్చేయగానే పెరుమాళ్ ప్రభుత్వం కూలిపోయింది. ఆయన దేశం విడిచి వచ్చేశారు, ఆ ప్రాంతం పులుల చేతుల్లోకి వెళ్లింది. 1987 ఒప్పందంలో రాసుకున్న శాంతి రాలేదు, యుద్ధం 2009 దాకా సాగింది.

"మరి తేదీ ముందే చెబితే శత్రువు ఆ తేదీ దాకా దాక్కుంటాడు కదా" అని మీ బంధువుల్లో ఒకరు అన్నారని రాశారు. అది న్యాయమైన మాటే. 2020 ఫిబ్రవరిలో దోహాలో తాలిబన్లతో అమెరికా 2021 మే 1 అని తేదీ రాసుకుంది. తేదీ ఉంది, మిగతాది ఏదీ కుదరలేదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చేశారు. అందుకే నేను తేదీ అడగను. ఏ పరిస్థితి వస్తే పని పూర్తయినట్టు? అది ఎవరికి అప్పగిస్తారు, వాళ్లు మోయగలరా? అనుకున్నట్టు జరగకపోతే ఏ దశలో ఆపుతారు, ఆపమనే అధికారం ఎవరిది? పిలిచినవాడే పొమ్మంటే? వీటికి సమాధానం ఉంటే నేనూ మద్దతిస్తాను. 1971లో మనం యుద్ధానికి వెళ్లాం. ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, బాధ్యత తీసుకోవడానికి బంగ్లాదేశ్‌లో ముజీబ్ ప్రభుత్వం ఉంది, 1972 మార్చికల్లా మన సైన్యం వచ్చేసింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో కుట్రను అడ్డుకోవడానికి ఆగ్రా నుంచి పారాట్రూపర్లు వెళ్లారు. పని ఏమిటో స్పష్టంగా ఉంది, ఎక్కువమంది త్వరగానే తిరిగొచ్చేశారు. అదే సమయంలో, అదే ప్రభుత్వం, అదే సైన్యం జాఫ్నాలో ఇరుక్కుని ఉంది. ధైర్యంలోనో శిక్షణలోనో తేడా ఏమీ లేదు.

ఈ ప్రశ్న అడిగినవాళ్లను ఆ సమయంలో ఎలా చూస్తారో కూడా గుర్తుంచుకోవాలి. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2001 సెప్టెంబరు 14న అమెరికా ప్రతినిధుల సభలో 420 మంది సైనిక చర్యకు సరేనంటే బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. బయటపడే దారి, స్పష్టమైన లక్ష్యం లేని యుద్ధంలో దిగొద్దన్నది ఆమె వాదన. చంపుతామని బెదిరింపులు వచ్చాయి, పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ ఓటు తర్వాత మొదలైన అఫ్గానిస్తాన్ యుద్ధం ఇరవై ఏళ్లు నడిచింది.

మీ బంధువులు మళ్లీ ఈ వాదన తెస్తే ఇంకో సంగతి చెప్పండి. 2003లో ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా మన దేశాన్ని అడిగింది. ఒక డివిజన్ పంపుదామని ఢిల్లీలో గట్టిగానే చర్చ నడిచింది, వద్దని పార్లమెంటులో, బయటా చాలామంది అడ్డం పడ్డారు. జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి లేకుండా పంపేది లేదని తేల్చేసింది. అప్పటికి నాన్న రిటైరై ఊళ్లో ఉన్నారు. ఫోన్ చేసి, ఈసారి ఎవరో ముందే అడిగినట్టున్నారు అన్నారు.